పాత సర్వర్ సాఫ్ట్‌వేర్‌కు ఇంకా కాలం ఉందా?

2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు బయటపెట్టిన సంగతి సర్వర్లు నడిపేవాళ్లకు నిద్ర లేకుండా చేసింది. దాదాపు ప్రతి లినక్స్ యంత్రంలోనూ ఉండే ఎక్స్‌జెడ్ అనే చిన్న కుదింపు లైబ్రరీలో ఎవరో దొంగదారి పెట్టారు. ఆ పని చేసిన వ్యక్తి రెండేళ్లకు పైగా ఆ ప్రాజెక్టులో బుద్ధిగా పనిచేసి, నమ్మకం సంపాదించి, చివరికి కొత్త వెర్షన్లు విడుదల చేసే అధికారాన్ని చేతికి తెచ్చుకున్నాడు. రిమోట్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఫ్రాయిండ్ తీగ లాగితే డొంకంతా కదిలింది. దొంగదారి ఉన్నది 5.6.0, 5.6.1 అనే రెండు సరికొత్త వెర్షన్లలోనే. ఏ రోజుది ఆ రోజే వేసుకునే యంత్రాలకు ముప్పు వచ్చింది. డెబియన్ స్టేబుల్ లాంటి నిదానపు లినక్స్ మీద నడిచే సర్వర్లకు ఏమీ కాలేదు.

అది జరిగిన మూడు నెలలకు, జులై 1న, క్వాలిస్ సంస్థ మరో లోపాన్ని వెల్లడించింది. ఈసారి రిమోట్ లాగిన్‌కు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో. 2006లో ఒకసారి సరిదిద్దిన లోపమే 2020 అక్టోబరులో చేసిన ఒక మార్పుతో తిరిగొచ్చిందని తేలింది. ప్యాచ్ వేయని 4.4 కంటే పాత వెర్షన్లకు ప్రమాదం, 8.5 నుంచి 9.7 దాకా ఉన్న కొత్త వెర్షన్లకూ ప్రమాదం. నడిమి వెర్షన్లు మాత్రం క్షేమం.

పాత సర్వర్ సాఫ్ట్‌వేర్ మేలా, కొత్తది మేలా అన్న వాదన కొత్తదేమీ కాదు. కాకపోతే ఇలాంటి సంఘటనలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడటంతో ఇరువర్గాలకూ చేతినిండా సాక్ష్యాలున్నాయి. ఎవరికి కావలసింది వాళ్లు ఏరుకుంటున్నారు.

ఒకే గాటన కట్టిన మూడు రకాలు

చర్చ ఇంతగా చిక్కుపడటానికి కారణం ఉంది. మూడు వేర్వేరు రకాల సాఫ్ట్‌వేర్‌ను అందరూ కలిపి మాట్లాడుతున్నారు.

పుట్టుక పాతదైనా ఇప్పటికీ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉన్నది ఒక రకం. అపాచీ వెబ్ సర్వర్ 1995 నాటిది. సాంబా 1992లో మొదలైంది. బైండ్ అనే డీఎన్‌ఎస్ సర్వర్ 1980లలో బర్కిలీలో పుట్టింది. మూడింటికీ నేటికీ ప్యాచ్‌లు వస్తున్నాయి. రెండో రకం, కావాలని వెనక నిలబడిన వెర్షన్. కొత్త సౌకర్యాలను పక్కనపెట్టి, భద్రతా సవరణలను మాత్రం పాత వెర్షన్‌కు తెచ్చి అతికించడం ఇక్కడ పద్ధతి. డెబియన్ స్టేబుల్, రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ నిలబడింది దీని మీదే. రెడ్ హ్యాట్ ఒక్కో ప్రధాన విడుదలను పదేళ్లు ఇలా సాకుతుంది. ఇక మూడో రకం, తయారీదారు చేతులు దులుపుకున్నది: నోవెల్ నెట్‌వేర్, విండోస్ సర్వర్ 2003, 2024 జూన్‌తో గడువు తీరిన సెంటాస్ 7.

పాతదే మేలనేవాళ్లు చాలాసార్లు మొదటి రెండు రకాల గుణాలు చెప్పి మూడో రకాన్ని సమర్థిస్తుంటారు. కొత్తదే మేలనేవాళ్లు మూడో రకం దోషాలు చూపించి మొదటి రెండిటినీ కొట్టిపారేస్తుంటారు. ఈ గందరగోళం తొలగితే వాదనలో సగం దానంతట అదే తేలిపోతుంది. మిగిలిన సగం మాత్రం నిజంగా కఠినమైనదే.

నెట్‌వేర్: గెలిచిన పనితనం, ఓడిన ఉత్పత్తి

ఈ వాదనకు మూలపురుషుడు ఎవరంటే నెట్‌వేర్ పేరే చెప్పాలి. అమెరికాలోని యూటా రాష్ట్రంలో నోవెల్ సంస్థ తయారుచేసిన ఈ సర్వర్ వ్యవస్థ 1980ల చివరి నుంచి 1990ల నడిమి వరకు ఆఫీసు నెట్‌వర్క్‌లను ఏలింది. సర్టిఫైడ్ నెట్‌వేర్ ఇంజినీర్ సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగం ఖాయమనుకున్న రోజులవి.

దాని వేగానికి కారణం దాని కట్టుబాటే. ఫైళ్లు పంచడం, ప్రింట్లు పంపడం తప్ప దానికి వేరే ధ్యాస లేదు. డిస్క్‌లో ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికను మొత్తంగా మెమరీలోకి తెచ్చిపెట్టుకునేది. పదిమంది ఒకేసారి ఫైళ్లు అడిగితే, అడిగిన వరుసలో డిస్క్ మీద అటూ ఇటూ పరుగెత్తేది కాదు. లిఫ్ట్ ఒక దిశలో పోతూ దారిలో ఉన్న అంతస్తులన్నిటి దగ్గరా ఆగినట్టు, డిస్క్ హెడ్ ఒక వైపు కదులుతూ ఆ దారిలో ఉన్న అభ్యర్థనలన్నీ తీర్చేది. మౌస్, కిటికీల హంగు లేదు. నెట్‌వేర్ 3.11 కొద్ది మెగాబైట్ల మెమరీతో ఒక ఆఫీసు మొత్తానికి సరిపోయేది. ఇవాళ విండోస్ సర్వర్‌ను డెస్క్‌టాప్ హంగులతో పెట్టుకోవాలంటే కనీసం 2 గిగాబైట్లు కావాలి.

ఈ వేగానికి చెల్లించిన వెల కూడా ఉంది. నెట్‌వేర్ 3 వెర్షన్లలో మాడ్యూళ్లన్నీ ప్రాసెసర్‌లోని అత్యున్నత అధికార స్థాయిలోనే, ఒకదానికొకటి అడ్డుగోడ లేకుండా నడిచేవి. ఒక మాడ్యూల్ దారి తప్పితే సర్వరంతా కూలిపోయేది. ఏ మాడ్యూలూ ప్రాసెసర్‌ను పట్టుకుని కూర్చోకుండా మర్యాదగా వదులుతుందన్న నమ్మకం మీద మొత్తం వ్యవస్థ ఆధారపడింది.

అయినా ఆ సర్వర్లు ఏళ్లతరబడి ఆగకుండా నడిచాయి. పదహారేళ్లకు పైగా రీస్టార్ట్ లేకుండా పనిచేసిన ఒక నెట్‌వేర్ 3.12 సర్వర్‌ను ఎట్టకేలకు ఆపేసిన కథనాన్ని 2013లో ఆర్స్ టెక్నికా ప్రచురించింది. డిస్క్‌ల శబ్దం భరించలేని స్థాయికి చేరడంతో దాన్ని ఆపాల్సి వచ్చింది. పాత సర్వర్ల అభిమానులు నేటికీ తలచుకునే ఉదాహరణ ఇది. కానీ ఆ లెక్కకు మరో ముఖం కూడా ఉంది. పదహారేళ్లు రీస్టార్ట్ కాలేదంటే, రీస్టార్ట్ అవసరమైన ఏ సవరణా ఆ పదహారేళ్లలో దానికి అందలేదని కూడా అర్థం.

నెట్‌వేర్ ఓడింది ఫైళ్ల పనిలో కాదు. 1993లో నెట్‌వేర్ 4తో వచ్చిన డైరెక్టరీ సేవలకు సమానమైన యాక్టివ్ డైరెక్టరీని మైక్రోసాఫ్ట్ తేవడానికి 2000 దాకా పట్టింది. అంటే ఏడేళ్ల ఆధిక్యం. ఈలోగా లోకం ఇంటర్నెట్ వైపు తిరిగింది. నెట్‌వేర్ సొంత భాష ఐపీఎక్స్ ప్రోటోకాల్. నేరుగా టీసీపీ/ఐపీ మీద నడిచే నెట్‌వేర్ 5 వచ్చేసరికి 1998 అయింది. అప్పటికే అప్లికేషన్లు రాసేవాళ్లు విండోస్ ఎన్‌టీ వైపు వెళ్లిపోయారు. నోవెల్ చివరికి సూసే లినక్స్‌ను కొనుక్కుని తన సేవలను దాని మీదికి మార్చింది. నెట్‌వేర్ 6.5కు సాధారణ సపోర్ట్ 2010 మార్చితో ముగిసింది. నోవెల్ ఆస్తులు అటాచ్‌మేట్, మైక్రో ఫోకస్‌ల మీదుగా 2023లో ఓపెన్‌టెక్స్ట్ చేతికి చేరాయి.

ఒక పనిని అందరికంటే బాగా చేసినా, చుట్టూ ఉన్న యంత్రాలతో మాట్లాడే భాష మారిపోతే పనితనం కాపాడలేదని ఈ చరిత్ర చెబుతుంది. నేటి చర్చలోనూ అతి ముఖ్యమైన అంశం ఇదే అయినా, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

మూడు ఆలోచనా ధోరణులు

మొదటి ధోరణి నిలకడవాదం. పనిచేస్తున్నదాన్ని కదపొద్దు, కదిపితే తగిన కారణం ఉండాలి అంటారు వీళ్లు. డాన్ మెకిన్లీ అనే ఇంజినీరు 2015లో ఈ వాదనను పద్ధతిగా వినిపించాడు. ఒక సంస్థ భరించగలిగే కొత్తదనానికి హద్దు ఉంటుందని, దాన్ని అసలు వ్యాపారానికి అవసరమైనచోట ఖర్చుపెట్టాలే తప్ప డేటాబేస్, వెబ్ సర్వర్ల మీద వృథా చేయకూడదని అతని మాట. పాత సాఫ్ట్‌వేర్ ఎలా చెడిపోతుందో అందరికీ తెలుసు. కొత్తది ఎలా చెడిపోతుందో అర్ధరాత్రి రెండింటికి తెలుస్తుంది. ఇరవై ఏళ్లుగా ఇలాంటి రాత్రులు గడిపిన అడ్మిన్ల అనుభవం ఈ వాదనకు బలం.

రెండోది నవీకరణవాదం. సీ భాషలో రాసిన పాత కోడ్‌లో మెమరీ తప్పులు అంతులేనివని, రస్ట్, గో లాంటి భాషల్లోకి మారడమే విముక్తి మార్గమని వీళ్ల నమ్మకం. తమ ఉత్పత్తుల్లో ఏటా ప్యాచ్ వేసే భద్రతా లోపాల్లో సుమారు 70 శాతం మెమరీ సంబంధమైనవేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. క్రోమ్ బ్రౌజర్ బృందం మరుసటి ఏడాది దాదాపు అదే అంకె చెప్పింది. రెండు వేర్వేరు సంస్థల కోడ్‌లో ఒకే నిష్పత్తి తేలడాన్ని తేలిగ్గా తీసుకోలేం.

మూడో ధోరణికి ప్రచారం తక్కువ. కాలాన్ని పక్కనపెట్టి నిర్మాణాన్ని చూడమంటుంది. ఒక పెద్ద ప్రోగ్రాంకు సర్వాధికారాలు ఇవ్వకుండా, చిన్న చిన్న ప్రోగ్రాంలుగా విడగొట్టి ఒక్కోదానికి అవసరమైనంత అధికారమే ఇచ్చినవి ఏ కాలానివైనా నిలబడతాయని దీని సారాంశం. డేనియల్ బెర్న్‌స్టీన్ రాసిన క్యూమెయిల్, వియెట్సె వెనెమా రాసిన పోస్ట్‌ఫిక్స్ ఈ బడి నుంచి వచ్చినవే.

మూడిటినీ పక్కపక్కన పెడితే తేడా స్పష్టమవుతుంది. మొదటి వర్గానికి అసలు శత్రువు మార్పు. రెండో వర్గానికి భాష. మూడో వర్గానికి ప్రోగ్రాం పరిమాణం, దాని చేతిలోని అధికారం. ముగ్గురూ ఒకే సర్వర్‌ను చూస్తూ మూడు వేర్వేరు జబ్బులు చెబుతున్నారు.

పరిశోధనలు తేల్చిన మేరకు

అభిప్రాయాలు పక్కనపెట్టి కొలతలకు వస్తే, మూడు అధ్యయనాలు ప్రత్యేకంగా చూడదగ్గవి.

2006లో ఆండీ ఓజ్‌మెంట్, స్టూవర్ట్ షెక్టర్ ఏడున్నరేళ్ల ఓపెన్‌బీఎస్‌డీ చరిత్రను జల్లెడ పట్టారు. ఆ కాలంలో బయటపడ్డ లోపాల్లో 62 శాతం మొదటినుంచీ కోడ్‌లో ఉన్నవే. అయితే ఆ పాత లోపాలు బయటపడే వేగం కాలం గడిచేకొద్దీ తగ్గింది. శ్రద్ధగా చూసుకుంటే కోడ్ వయసుతో పాటు మెరుగవుతుందన్న వాదనకు తొలి గట్టి ఆధారం ఇది.

2010లో శాండీ క్లార్క్, మ్యాట్ బ్లేజ్ తదితరులు మరో కోణం చూపించారు. కొత్త విడుదలకు కొంతకాలం ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుందని, మొదటి లోపం దొరకడానికే ఎక్కువ సమయం పడుతుందని, ఆ తర్వాతివి త్వరత్వరగా బయటపడతాయని వాళ్ల లెక్కల్లో తేలింది. దీనికి వాళ్లు చెప్పిన కారణం కోడ్ నాణ్యత కాదు, దాడి చేసేవాళ్లకు ఆ కోడ్‌తో ఏర్పడే పరిచయం. అందరికీ తెలిసిన పాత కోడ్ దొంగలకు కూడా తెలిసిన కోడే.

ఈ రెంటి మధ్యా పంచాయితీ తీర్చడానికి పనికొచ్చేది 2024 సెప్టెంబరులో గూగుల్ భద్రతా బృందం ప్రచురించిన విశ్లేషణ. లోపాలు ఎక్కువగా ఉండేది కొత్తగా రాసిన, ఇటీవల మార్చిన కోడ్‌లోనేనని, అయిదేళ్ల వయసున్న కోడ్‌లో లోపాల సాంద్రత కొత్త కోడ్‌తో పోలిస్తే 3.4 నుంచి 7.4 రెట్లు తక్కువగా ఉంటుందని అది చెప్పింది. దాంతో ఆండ్రాయిడ్ బృందం పాత కోడ్ జోలికి పోకుండా, కొత్తగా రాసేది మాత్రమే మెమరీ భద్రత ఉన్న భాషల్లో రాసింది. 2019లో 76 శాతంగా ఉన్న మెమరీ లోపాల వాటా 2024కు 24 శాతానికి దిగింది.

ఈ ఫలితం రెండు వర్గాలకూ చెరో మాట చెబుతోంది. పాత కోడ్‌ను ఉన్నపళాన తిరగరాయమనే తొందరకు ఆధారం బలహీనం. అలాగే, కొత్త కోడ్‌ను పాత భాషలో రాయాలనే పట్టుదలకూ ఆధారం లేదు. అయితే అక్కడ పాత కోడ్ మెరుగైంది దాన్ని చూసేవాళ్లు, సరిదిద్దేవాళ్లు ఉండబట్టే. వదిలేసిన కోడ్‌కు ఈ లెక్క వర్తించదు. నిలకడవాదులు ఈ అంకెల్ని ఉటంకించేటప్పుడు తరచూ వదిలేసే షరతు ఇదే.

వెబ్ సర్వర్లు: అపాచీ, ఇంజిన్‌ఎక్స్, ఆ తర్వాత

2005 నాటికి వెబ్‌సైట్లలో సుమారు 70 శాతం అపాచీ మీద నడిచేవి. అప్పటి అపాచీ పద్ధతి ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్. పదివేల కనెక్షన్లను ఒకే యంత్రం ఎలా మోయాలన్న ప్రశ్నను డాన్ కెగెల్ 1999లోనే లేవనెత్తాడు. రష్యాలో రాంబ్లర్ సంస్థలో పనిచేస్తున్న ఇగోర్ సిసోయెవ్ దానికి జవాబుగా 2002లో మొదలుపెట్టి 2004లో లోకానికి ఇచ్చింది ఇంజిన్‌ఎక్స్. కొద్దిపాటి వర్కర్ ప్రాసెస్‌లు, ఒక్కో వర్కర్ చేతిలో వేల కనెక్షన్లు. 2009లో వచ్చిన స్లోలోరిస్ దాడి పాత పద్ధతి బలహీనతను అందరి కళ్లముందూ పెట్టింది. సగం సగం అభ్యర్థనలు నెమ్మదిగా పంపుతూ ఒక మామూలు కంప్యూటరే అపాచీ ప్రాసెస్‌లన్నిటినీ ఖాళీ లేకుండా చేయగలిగింది.

అపాచీ ఊరుకోలేదు. 2012లో వచ్చిన 2.4 వెర్షన్లో ఈవెంట్ పద్ధతిని స్థిరపరిచి ఆ దూరాన్ని చాలావరకు పూడ్చుకుంది.

ఇప్పటికీ దాని చేతిలో ఒక ఆయుధం ఉంది. ఫోల్డర్‌లో ఒక చిన్న .హెచ్‌టీయాక్సెస్ ఫైలు పెడితే చాలు, సర్వర్ అసలు అడ్మిన్‌ను అడగకుండానే ఆ ఫోల్డర్ వరకు నిబంధనలు మార్చుకోవచ్చు. ఒకే సర్వర్‌ను వందలమంది పంచుకునే చౌక హోస్టింగ్‌లో దీనికి ప్రత్యామ్నాయం దొరకడం కష్టం. ఇంజిన్‌ఎక్స్‌లో ఈ ఏర్పాటు లేదు, కావాలనే పెట్టలేదు. ఎందుకంటే ఒక పేజీ అడిగిన ప్రతిసారీ ఆ దారిలోని ఒక్కో ఫోల్డర్‌లోనూ ఆ ఫైలు ఉందా లేదా అని అపాచీ వెతుక్కోవాలి. ఒకరికి సౌకర్యమైనది మరొకరికి భారం. ఇక్కడ పాతదానికి ఉన్న లాభం నిజమైనదే, కానీ అది ఒక రకం వాడుకకే పరిమితం.

కథ అక్కడ ఆగలేదు. ఒకప్పటి కొత్తదైన ఇంజిన్‌ఎక్స్‌ను వెబ్‌సైట్ల రద్దీ మోసే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ పాతదిగా లెక్కగట్టింది. ఇంజిన్‌ఎక్స్‌లో ఒక్కో వర్కర్‌కు సొంత కనెక్షన్ల నిల్వ ఉంటుంది, పక్క వర్కర్ తెరిచిపెట్టిన కనెక్షన్‌ను వాడుకోలేదు. రోజుకు లక్ష కోట్లకు పైగా అభ్యర్థనలు మోసే సంస్థకు ఇది పెద్ద నష్టం. అందుకే రస్ట్‌లో పింగోరా అనే సొంత ప్రాక్సీ రాసుకుంది. అదే రద్దీకి పాత ఏర్పాటుకంటే సీపీయూ వాడకం సుమారు 70 శాతం, మెమరీ 67 శాతం తగ్గాయని 2022లో ప్రకటించింది. ఆ స్థాయి రద్దీ లేని సంస్థ ఈ అంకెలు చూసి మైగ్రేషన్‌కు దిగితే దక్కేది శ్రమే.

కొత్త ప్రోటోకాల్‌లు కొత్త లోపాలను వెంటబెట్టుకొస్తాయన్నదానికి 2023 అక్టోబరులో సాక్ష్యం దొరికింది. హెచ్‌టీటీపీ/2లో అభ్యర్థన పంపి వెంటనే రద్దు చేసుకునే వీలును దుర్వినియోగం చేసి, సెకనుకు 39.8 కోట్ల అభ్యర్థనల దాడి జరిగిందని గూగుల్ తెలిపింది. హెచ్‌టీటీపీ/1.1 మాత్రమే తెలిసిన పాత సర్వర్లకు ఆ దారి లేనే లేదు. 2014 నాటి హార్ట్‌బ్లీడ్ కూడా ఇలాంటిదే. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0.1లో కొత్తగా చేర్చిన సౌకర్యంలోనే ఆ లోపం ఉంది, 0.9.8 మీద ఉండిపోయినవాళ్లు బయటపడ్డారు. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన షెల్‌షాక్ మాత్రం తలకిందుల కథ. బాష్ అనే కమాండ్ షెల్‌లో ఆ లోపం పాతికేళ్లుగా ఉన్నా ఎవరి కంటా పడలేదు.

మెయిల్, డీఎన్‌ఎస్: తిరగరాతల ఫలితాలు

1988 నవంబరులో మోరిస్ వర్మ్ ఇంటర్నెట్‌ను కుదిపేసినప్పుడు అది వాడుకున్న దారుల్లో సెండ్‌మెయిల్ ఒకటి. పెద్ద ప్రోగ్రాం, సర్వాధికారాలు, అంతుపట్టని కాన్ఫిగరేషన్. దానికి విరుగుడుగా బెర్న్‌స్టీన్ క్యూమెయిల్ రాశాడు. అందులో భద్రతా లోపం చూపిస్తే 500 డాలర్లు ఇస్తానని 1997లో ప్రకటించాడు. 1998లో వచ్చిన 1.03 తర్వాత ఆ ప్రోగ్రాంను ముట్టుకోలేదు.

2005లో జార్జి గునిన్‌స్కీ 64 బిట్ యంత్రాల్లో ఒక లోపం ఉందని చూపించాడు. ఆ దాడి జరగాలంటే ఒక్కో ప్రాసెస్‌కు కొన్ని గిగాబైట్ల మెమరీ ఇవ్వాలి, అలా ఎవరూ ఇవ్వరని బెర్న్‌స్టీన్ కొట్టిపారేశాడు. ఆనాటికి ఆ మాట సమంజసమే. పదిహేనేళ్లు గడిచాక, 2020 మేలో, క్వాలిస్ అదే లోపాన్ని వాడి క్యూమెయిల్‌లోకి చొరబడి చూపించింది. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. యంత్రాల్లో మెమరీ పెరిగింది, ప్యాకేజీల్లో దానికి పరిమితి పెట్టలేదు. అత్యంత శ్రద్ధగా రాసిన, ఇరవై రెండేళ్లు చెక్కుచెదరని ప్రోగ్రాం కింద నేలే కదిలిపోయింది. పాత సాఫ్ట్‌వేర్ గురించి ఒక్క ఉదాహరణే చెప్పమంటే చెప్పాల్సింది ఇదే.

1998లో వచ్చిన పోస్ట్‌ఫిక్స్ కూడా అదే నిర్మాణ సూత్రం మీద కట్టినదే. తేడా ఏమిటంటే వెనెమా దాన్ని ఎన్నడూ వదిలిపెట్టలేదు. నేటికీ కొత్తగా మెయిల్ సర్వర్ పెట్టేవాళ్లు నిస్సంకోచంగా దాన్ని ఎంచుకుంటున్నారు.

డీఎన్‌ఎస్ రంగంలో తిరగరాతకు ఎదురుదెబ్బ తగిలింది. బైండ్ 9 స్థానంలో సరికొత్తగా బైండ్ 10 రాయాలని, దాన్ని చూసుకునే ఐఎస్‌సీ సంస్థ 2009లో పూనుకుంది. అయిదేళ్ల తర్వాత, 2014 ఏప్రిల్‌లో, ఆ పని తాను కొనసాగించలేనని ప్రకటించింది. పాత బైండ్ 9 మాత్రం ఇప్పటికీ లోకమంతా నడుస్తోంది. అయితే అదే ప్రాజెక్టులో యంత్రాలకు ఐపీ చిరునామాలు ఇచ్చే డీహెచ్‌సీపీ కోసం రాసిన భాగం కియా పేరుతో బతికి బట్టకట్టి, ఐఎస్‌సీ తన పాత డీహెచ్‌సీపీ సర్వర్‌కు 2022లో సపోర్ట్ ఆపేశాక దాని స్థానాన్ని ఆక్రమించింది.

సికింద్రాబాద్‌లో మొదలైన వ్యవస్థ

పాత సర్వర్ సాఫ్ట్‌వేర్ కోట్లమంది జీవితాల్లో ఎలా ఇమిడిపోతుందో చూడాలంటే మన రైల్వే రిజర్వేషన్ వ్యవస్థను మించింది లేదు. సీఎంసీ సంస్థ 1980ల నడిమిలో ఢిల్లీలో మొదటి కంప్యూటర్ రిజర్వేషన్‌ను నిలబెట్టింది. తర్వాత రైల్వేకు చెందిన క్రిస్ సంస్థ దేశమంతటినీ కలిపే కాన్సర్ట్ సాఫ్ట్‌వేర్‌ను రూపొందించి, 1994లో తొలిసారి అమల్లో పెట్టింది సికింద్రాబాద్‌లోనే. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు అయిదూ 1999కల్లా ఒకదానితో ఒకటి కలిశాయి. ఏ కేంద్రం పరిధిలోని కౌంటర్ నుంచైనా ఏ రైలుకైనా టికెట్ తీసుకునే వీలు అప్పుడు వచ్చింది.

దాని పునాది ఓపెన్‌వీఎంఎస్. 1977లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ వ్యాక్స్ యంత్రాలతో పాటు విడుదల చేసిన వ్యవస్థకు వారసురాలు. కోడ్ ఫోర్‌ట్రాన్, సీ భాషల్లో ఉంది. మధ్యలో ఆర్‌టీఆర్ అనే సాఫ్ట్‌వేర్ లావాదేవీలను ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి చేరవేస్తుంది. ఒక లావాదేవీ నడుస్తుండగా యంత్రం ఆగిపోతే, మరో యంత్రం దాన్ని అందుకుని పూర్తిచేయాలి తప్ప సగంలో వదలకూడదన్నది దాని ధర్మం. ఒకే బెర్తు ఇద్దరి పేర రాసే తప్పు జరగకూడని చోట ఇది ఎంత విలువైనదో చెప్పక్కర్లేదు. యంత్రాల గుంపు ఒకటిగా పనిచేసే ఏర్పాటు వీఎంఎస్‌కు 1980ల తొలినాళ్లలోనే ఉంది. నేటి క్లౌడ్ వ్యవస్థలు గొప్పగా చెప్పుకునే చాలా గుణాలు అక్కడ అప్పటికే ఉన్నాయి.

మరి ఎందుకు మారుస్తున్నారు? ప్రస్తుత వ్యవస్థ 2010 నాటిదని, ఐటేనియం సర్వర్లు, ఓపెన్‌వీఎంఎస్ మీద నడుస్తోందని, నిమిషానికి సుమారు 25 వేల టికెట్లు ఇవ్వగలదని, కొత్తది దానికి నాలుగు రెట్ల భారం మోసేలా తయారవుతోందని ప్రభుత్వం 2025లో పార్లమెంటుకు చెప్పింది. ఇందులో ఐటేనియం మాట గమనించాలి. ఇంటెల్ ఆ చిప్‌ల సరఫరాను 2021లో ఆపేసింది. సాఫ్ట్‌వేర్ ఎంత దృఢమైనదైనా దాని కింది యంత్రం దొరకని రోజు వస్తే దారి మార్చక తప్పదు. ఓపెన్‌వీఎంఎస్‌ను ఇప్పుడు చూసుకుంటున్న వీఎస్ఐ సంస్థ 2022లో దాన్ని మామూలు ఎక్స్86 యంత్రాల మీదికి తెచ్చింది కాబట్టి పాత దారి పూర్తిగా మూసుకుపోలేదు. కానీ ఆ దారిలో నడవాలంటే ఆ వ్యవస్థ తెలిసిన ఇంజినీర్లు కావాలి. కళాశాలల్లో దాన్ని నేర్పేవాళ్లు లేరు.

చుట్టూ ఉన్న లోకం పెట్టే గడువులు

పాత సర్వర్ తనంతట తాను చెడిపోకపోయినా, బయటినుంచి గడువులు వచ్చి మీద పడతాయి. వెబ్ ఎన్‌క్రిప్షన్ ప్రోటోకాల్ టీఎల్‌ఎస్ 1.0, 1.1లను ప్రధాన బ్రౌజర్లన్నీ 2020లో వదిలేశాయి. అంతకంటే కొత్త భాష రాని సర్వర్ ఎంత బాగా నడిచినా దాని పేజీ తెరుచుకోదు.

సర్టిఫికెట్ల సంగతి మరింత తీవ్రం. ఒక్కో సర్టిఫికెట్ గరిష్ఠ ఆయుష్షు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి నుంచి 100 రోజులు, 2029 మార్చి నుంచి 47 రోజులని సర్టిఫికెట్ సంస్థలు, బ్రౌజర్ సంస్థలు కలిసి 2025 ఏప్రిల్‌లో తీర్మానించాయి. ఏడాదికోసారి చేత్తో మార్చుకునే పద్ధతికి ఇక చోటు లేదు. 2015లో వచ్చిన క్యాడీ లాంటి కొత్త సర్వర్లు ఈ పని వాటంతటవే చేసుకుంటాయి. అపాచీ కూడా 2018లో ఒక మాడ్యూల్‌తో ఈ విద్య నేర్చుకుంది. వదిలేసిన సాఫ్ట్‌వేర్‌కు నేర్పేదెవరు?

2017 మేలో వన్నాక్రై రాన్సమ్‌వేర్ వ్యాపించినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ దాడి వాడుకున్నది ఎస్‌ఎంబీ 1 అనే కాలం చెల్లిన ఫైల్ ప్రోటోకాల్‌ను. దానికి ప్యాచ్ మార్చిలోనే వచ్చింది. ప్రపంచం మొత్తమ్మీద ఎక్కువగా నష్టపోయినవి అప్పటికింకా సపోర్ట్ ఉన్న విండోస్ 7 యంత్రాలే కావడం గమనార్హం. ప్యాచ్ ఉండటం ఒకటి, వేయడం మరొకటి.

దీనికి ఎదురుగా 2024 జులై 19 నాటి భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ ఘటన ఉంది. వెంటనే వేసుకున్న ఒక అప్‌డేట్ 85 లక్షల విండోస్ యంత్రాలను కూలదోసింది. విండోస్ 3.1 వాడటం వల్లే ఒక అమెరికన్ విమానయాన సంస్థ తప్పించుకుందని అప్పట్లో వార్తలు షికారు చేశాయి. వాటికి ఆధారం లేదని తర్వాత తేలింది. పాతదాని మీద మమకారం ఉన్నవాళ్లు కూడా ఇలాంటి కథలను వదిలేయడం మంచిది, వాళ్ల చేతిలో నిజమైన ఆధారాలు చాలానే ఉన్నాయి.

ఆచరణలో చాలా సంస్థలు రాజీమార్గం పట్టాయి. లోపల పాత సర్వర్‌ను అలాగే ఉంచి, దాని ముందు హెచ్‌ఏప్రాక్సీనో ఇంజిన్‌ఎక్స్‌నో నిలబెడతాయి. టీఎల్‌ఎస్, సర్టిఫికెట్లు, కొత్త ప్రోటోకాల్‌లు ముందున్నది చూసుకుంటుంది, లెక్కలు వెనకున్నది చూసుకుంటుంది. బయటి ముప్పుకు ఇది మంచి అడ్డుకట్టే. అయితే నెట్‌వర్క్ లోపలికి ఒకసారి చొరబడ్డవాడికి ఈ గోడ అడ్డం కాదు. కొన్నేళ్లు గడువు కొనుక్కునే ఉపాయంగా దీన్ని వాడుకోవచ్చు, శాశ్వత పరిష్కారం అనుకుంటే ప్రమాదం.

తేలనివి

మొదటిది, పాత కోడ్‌లో మిగిలిన లోపాలు నిజంగా తక్కువేనా, లేక వాటిని పట్టే పనిముట్లు మన దగ్గర లేవా? కృత్రిమ మేధ సాయంతో రాసిన పరీక్షల వల్ల ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో సుమారు రెండు దశాబ్దాలుగా ఉన్న ఒక లోపం దొరికిందని గూగుల్ 2024 నవంబరులో తెలిపింది. ఇలాంటివి వరుసగా దొరకడం మొదలైతే, అయిదేళ్ల కోడ్ భద్రమన్న లెక్కను మళ్లీ వేసుకోవాలి. అవే పనిముట్లు దాడి చేసేవాళ్ల చేతిలోనూ ఉంటాయి.

రెండోది రస్ట్, గో భాషల్లో తిరగరాసిన సర్వర్ల దీర్ఘకాలపు నడవడి. మెమరీ తప్పులు తగ్గుతాయన్నది నిర్వివాదం. కానీ వాటిలో చాలావాటికి పదిహేనేళ్ల చరిత్ర ఇంకా లేదు. ఒక్కో ప్రోగ్రాం వందలకొద్దీ బయటి లైబ్రరీల మీద ఆధారపడే పద్ధతి ఎక్స్‌జెడ్ తరహా మోసాలకు దారి తెరుస్తుందా అన్న భయం అలాగే ఉంది.

మూడోది, 2038 జనవరి 19. ఆ రోజు 32 బిట్ల కాలగణన నిండిపోతుంది. ఎక్కడో మూలన మరిచిపోయిన పాత సర్వర్లలో ఎన్ని ఆ పద్ధతిలో తేదీలు లెక్కపెడుతున్నాయో ఒక్కో సంస్థ తన ఇంట్లో తానే వెతుక్కోవాలి. ఈ జాబితా ఇప్పటినుంచే తయారుచేసుకోవాల్సిన పని.

నాలుగోది అన్నిటికంటే పెద్దది: చూసుకునేవాళ్లకు జీతం ఎవరిస్తారు? ఎక్స్‌జెడ్‌లో దొంగదారి పడింది అలసిపోయిన ఒక్క నిర్వాహకుడి మీద ఒత్తిడి తెచ్చే కదా. ఐరోపా సమాఖ్య తెచ్చిన సైబర్ రెజిలియెన్స్ చట్టం 2024 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. దాని ప్రధాన బాధ్యతలు 2027 డిసెంబరు నుంచి వర్తిస్తాయి. సాధారణంగా కనీసం అయిదేళ్లు భద్రతా సవరణలు ఇవ్వాల్సిన బాధ్యత తయారీదారుల మీద పడుతుంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులను చూసుకునే లాభాపేక్ష లేని సంస్థలకు అందులో వేరే, తేలికైన బాధ్యతలు పెట్టారు. అపాచీ, పోస్ట్‌ఫిక్స్, బైండ్‌లను తమ ఉత్పత్తుల్లో వాడుకుని డబ్బు చేసుకునే కంపెనీలు ఆ చట్టం భయంతోనైనా వాటి నిర్వాహకులకు ఏమన్నా చెల్లిస్తాయా, లేక పాత కోడ్‌ను పక్కనపెట్టి సొంతంగా రాసుకుంటాయా అన్నది 2027 తర్వాత గానీ తెలియదు.